రోజూ బైబిల్ వాక్యం చదువుతున్నాను, ప్రార్థన చేస్తున్నాను, నేను మాత్రం మారలేదు. తేడా ఎక్కడ?

ఎండినబావి
సూటిగా అడుగుతున్నాను. రోజూ పొద్దున్నే బైబిల్ యాప్ తెరుస్తాను, ఆ రోజు అధ్యాయాలు చదువుతాను, టిక్ పెడతాను, కాసేపు ప్రార్థన చేస్తాను. ఏళ్ల తరబడి ఇదే వరస. ఆఫీసులో పక్క సీటతను నేను చేసిన పనికి తన పేరు పెట్టుకున్నాడంటే చాలు, పొద్దున చదివిందంతా ఎటు పోతుందో తెలియదు, సాయంత్రం దాకా లోపల ఉడికిపోతూనే ఉంటాను. ఈ మధ్య జ్వరం వచ్చి ఒకరోజు చదవలేదు. యాప్‌లో లెక్క సున్నాకి వచ్చేసింది. నాకు బాధేసింది ఆ అంకె పోయినందుకు! వాక్యం చదవనందుకు కాదు. అప్పుడు అనుమానం వచ్చింది, ఇన్నాళ్లూ నేను పెంచుకున్నది భక్తినా, అంకెనా అని.

మా సెల్ గ్రూపు (సంఘంలో చిన్న ప్రార్థన బృందం) లీడర్‌ని అడిగితే "నాలుగింటికి లేవడం లేదు కదా, అదే నీ సమస్య" అన్నారు. ఇంకో ఫ్రెండేమో "ఇదంతా ధర్మశాస్త్రం, నియమాల లెక్క, వదిలెయ్, మనం కృపలో ఉన్నాం" అన్నాడు. ఇద్దరి మాటా మింగుడుపడలేదు. రోజువారీ అలవాట్లతో నిజంగా ఎదిగినవాళ్లు ఉంటే ఏం చేశారో చెప్పండి. ప్రసంగాలు వద్దు.

కిటికీ_ఐతుకు
నాలుగింటికి లేచి మోకాళ్ల మీదే నిద్రపోయే బ్యాచ్‌లో నేనొకణ్ణి. అదేదో మంచం మీదే పడుకుంటే మోకాళ్లయినా మిగిలేవి.

మార్తమ్మ
ఐతుకు తమ్ముడూ, పేరు సార్థకం చేసుకున్నావ్. బైబిల్లో ఐతుకు పౌలు ప్రసంగం వింటూ నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. నువ్వు నేల మీదే ఉన్నావు కాబట్టి గండం లేదు.

సణుగుడు
ఆ ఫ్రెండ్ చెప్పిందే కరెక్ట్. లూకా 18లో పరిసయ్యుడికి, అంటే నియమాలన్నీ పాటించే భక్తుడికి, అన్నీ టిక్కులే. వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదన అంతట్లో పదో వంతు. నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లింది మాత్రం రొమ్ము కొట్టుకున్న సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు. ఆయన ఏ ప్లానూ ఫాలో అవ్వలేదు. ఒక్క వాక్యం ప్రార్థన చేశాడు, అయిపోయింది.

సంఘపెద్ద_రిటైర్డ్
సణుగుడు బాబూ, సుంకరి కథ అక్కడితో ఆపేస్తే నువ్వన్నది నిజమే. తర్వాతి అధ్యాయం తిప్పు. అక్కడ జక్కయ్య అని ఇంకో సుంకరి ఉన్నాడు. కృప దొరికిన రోజే ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. చేతులు కట్టుకుని కూర్చోలేదు. పౌలైనా అంతే. 1 కొరింథీయులు 15:10లో తాను ఏమై ఉన్నాడో అదంతా దేవుని కృపే అంటాడు, అదే వచనంలో మిగతా అందరికంటే ఎక్కువ ప్రయాసపడ్డానంటాడు. రెండూ ఒకే నోటితో. తిమోతికి "దేవభక్తి విషయములో నీకు నీవే సాధకము చేసికొనుము" అని రాసిందీ ఆయనే.

అయితే ఎండినబావి బాబు అడిగింది ఇది కాదు. ఆయన సాధన చేస్తూనే ఉన్నాడు, ఫలం కనపడటం లేదంటున్నాడు. సంఘంలో ఇన్నేళ్లుగా నేను చూసింది చెబుతాను. చదవడం మానేసి చల్లబడినవాళ్లు కొందరు. చదివి, లేచి, ఆ మాట ఏం చేయమందో అది చేయకుండానే మర్నాడు ఇంకో అధ్యాయంలోకి పోయి బండబారినవాళ్లు అంతకంటే ఎక్కువమంది. రెండోవాళ్లకి తమ సంగతి తెలియదు కూడా, ఎందుకంటే టిక్కులు పడుతూనే ఉంటాయి. యాకోబు మొదటి అధ్యాయంలో అద్దం చూసుకుని వెళ్లిపోయి మొహం ఎలా ఉందో మరిచిపోయే మనిషి వీళ్లే.

సణుగుడు
యాకోబు పత్రిక తెస్తారని ముందే అనుకున్నాను.

సంఘపెద్ద_రిటైర్డ్
తెచ్చాను కదా. ఇప్పుడు జవాబు చెప్పు.

ఉదయకాలపక్షి
నాలుగింటికి లేవడాన్ని ఎందుకు అంత ఎగతాళి చేస్తున్నారో అర్థం కావడం లేదు. మార్కు 1:35 చూడండి. ముందురోజు సాయంత్రం ఊరంతా వాకిట్లోకి వచ్చింది, యేసు రోగులను బాగుచేస్తూ ఉన్నాడు. అంత అలసటలోనూ ఇంకా చీకటి ఉండగానే లేచి అరణ్యప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడు. కీర్తన 5:3లో దావీదు కూడా ఉదయమే. ఫోన్ మోగకముందు, ఎవరూ పిలవకముందు దొరికే ఆ గంట ఇంకెప్పుడూ దొరకదు. నేను ఎదిగానంటే ఆ గంట వల్లే. నాకు వేరే రహస్యం లేదు.

నైట్‌డ్యూటీ_నర్స్
బ్రదర్, మీకు అది మేలు చేసింది, సంతోషం. కానీ నాలుగింటికి నేను వార్డులో ఉంటాను. ఆ టైముకి ఐవీ లైన్లు చూడాలి, ఐదున్నరకి రక్త నమూనాలు తీయాలి, ఏడింటికి డ్యూటీ అప్పగించాలి. ఇంటికొచ్చేసరికి పొద్దు పొడిచి చాలాసేపవుతుంది. అప్పుడు కూర్చుంటే కళ్ల ముందు అక్షరాలు ఈదుతాయి. మా ప్రేయర్ గ్రూపులో "వేకువ ప్రార్థన లేనివాళ్లు చేతులెత్తండి" అని అడిగినప్పుడల్లా నేరం చేసినట్టు ఎత్తేదాన్ని.

తర్వాత 134వ కీర్తన కంటపడింది. మూడే వచనాలు. యెహోవా మందిరంలో రాత్రివేళ నిలబడి సేవ చేసేవాళ్ల గురించి. బైబిల్లో నైట్ షిఫ్ట్‌వాళ్లు ఉన్నారని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు! ఇప్పుడు నా పద్ధతి ఒకటే. ఒక్కో బెడ్ దగ్గరికి వెళ్లేముందు చేతులకి శానిటైజర్ రాసుకుంటాం కదా, ఆ రుద్దుకునే కొద్ది సెకన్లలో ఆ పేషెంట్ పేరు దేవుడికి చెబుతాను. పేరు, అంతే. వార్డు తిరిగొచ్చేసరికి అందరూ అయిపోతారు. దాన్ని క్వయిట్ టైం (దేవుడితో ఒంటరిగా గడిపే సమయం) అంటారో అనరో నాకు తెలియదు గానీ, పేషెంట్ మీద విసుక్కోవడం తగ్గింది. పేరు చెప్పి ప్రార్థించిన మనిషి మీద వెంటనే అరవలేం.

మార్తమ్మ
అక్కా, ఆ చివరి వాక్యం నేను రాసుకున్నాను.

బెరయవాసి
ఉదయకాలపక్షి గారు మార్కు 1:35 చెప్పారు, సరే. లూకా 6:12లో రాత్రంతా ప్రార్థించాడు. మార్కు 6లో జనాన్ని పంపేశాక కొండెక్కి, నాలుగో జాము దాకా. ఆదికాండం 24:63లో ఇస్సాకు సాయంకాలం పొలంలో ధ్యానిస్తున్నాడు. టైం ఏదైనా కావచ్చు, అయితే "ఎప్పుడు కుదిరితే అప్పుడు" కూడా కాదు. యేసుకే అలవాట్లున్నాయి. లూకా 4:16లో "తన వాడుక చొప్పున" సమాజమందిరానికి వెళ్లాడు. లూకా 22:39లో మళ్లీ వాడుక చొప్పునే ఒలీవల కొండకి. దీనికి యోహాను 18:2 కలిపి చదవండి. ఆయన శిష్యులతో తరచు అక్కడికే వెళ్లేవాడు కాబట్టి ఆయన్ని పట్టిచ్చిన యూదాకి ఆ చోటు తెలుసు. సైనికుల్ని వెంటబెట్టుకుని ఎక్కడా వెతక్కుండా నేరుగా వచ్చేశాడు. జరగబోయేది తెలిసి కూడా ఆయన ఆ రాత్రి చోటు మార్చలేదు.

దానియేలుదీ ఇంతే. రాజుకి తప్ప ఇంకెవరికీ ప్రార్థన చేయకూడదన్న శాసనం మీద సంతకం పడిందని తెలిశాకే ఇంటికెళ్లి, అంతకుముందు చేసినట్టే ముమ్మారు మోకరించాడు. శత్రువులకి ఆయన టైంటేబుల్ తెలిస్తే సరిపోయింది.

కిటికీ_ఐతుకు
నన్ను పట్టుకోవాలంటే శత్రువులు రాత్రి పదకొండు తర్వాత యూట్యూబ్ షార్ట్స్‌లో వెతకాలి.

అమ్మ_ఇద్దరికి
ఐతుకు, ఇక్కడా సేమ్. బైబిల్ యాప్ తెరుస్తాను, పైనుంచి ఒక మెసేజ్ జారుతుంది, దాన్ని నొక్కుతాను, ఆదికాండంలో మొదలైనదాన్ని ఇంకెక్కడో తేలతాను. అందుకే పేపర్ బైబిల్‌కి మారిపోయాను. దానికీ కష్టాలున్నాయి, చిన్నది సామెతల్లో ఒక పేజీ చింపేసింది. క్రమశిక్షణ గురించిన అధ్యాయమే, నేనేం చెప్పను.

చిన్నపిల్లలున్న తల్లులకి ఎవరూ సరైన సలహా ఇవ్వరు. "పిల్లలు లేవకముందే లేవండి" అంటారు. అసలు పడుకుంటేనే కదా లేవడానికి. నాకు పనికొచ్చింది ద్వితీయోపదేశకాండం 6:7. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు మాట్లాడమన్నాడు. అందులో ఒంటరిగా తలుపేసుకో అని లేదు. వారానికి ఒక్క వచనం తీసుకుంటాను. పిల్లలకి జడ వేస్తూ అదే, బట్టలు మడతపెడుతూ అదే. పెద్దవాడికి ముందు వచ్చేస్తుంది, నేను తప్పు చెబితే దిద్దుతాడు. మొన్న నేను గట్టిగా అరిచాను. వాడు ఏమీ అనకుండా ఆ వారం వచనం మొదలుపెట్టాడు, "మృదువైన మాట క్రోధమును చల్లార్చును..." అని. నాకు ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది.

ఎండినబావి
అమ్మ_ఇద్దరికి గారూ, మీ అబ్బాయిని మా ఆఫీసుకి పంపండి.

లేవీ27
ఎవరూ లెక్కల జోలికి వెళ్లడం లేదు కాబట్టి నేనే చెబుతాను. బైబిల్లో 1189 అధ్యాయాలు. ఏడాదిలో అయిపోవాలంటే రోజుకి మూడుకి పైనే. జనవరి 1న మొదలుపెడితే ఆదికాండం 50, నిర్గమకాండం 40, అంటే నెలాఖరుకి లేవీయకాండం గుమ్మంలో ఉంటారు. చర్మరోగాల అధ్యాయాలు రాగానే సగం మంది ప్లాన్ ఆగిపోతుంది. నేను అక్కడ పడిపోయినప్పుడల్లా నా భక్తే లోపం అనుకునేవాణ్ణి. ఇంత స్పీడు పెట్టమని నాకు ఎవరు చెప్పారు అని తర్వాత ఆలోచించాను. ఎవరూ చెప్పలేదు.

బెరయవాసి
లేవీ27, నీ పాయింటుకి ఇంకోటి జతచేస్తాను. అధ్యాయాలనే ఆ గీతలు మూలంలో లేవు. 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ అనే ఆంగ్ల మతాచార్యుడు విడగొట్టిన పద్ధతి ఇప్పుడు మనం వాడేది. కొత్త నిబంధనలో వచనాల నంబర్లు ఇంకా ఆలస్యం, 1551లో రాబర్ట్ ఎస్తియెన్ అచ్చువేసిన గ్రీకు ప్రతిలో వచ్చాయి. వెతుక్కోవడానికి సౌకర్యం, అంతవరకే. "రోజుకో అధ్యాయం" అని గీత దగ్గర ఆపేస్తే ఏమవుతుందో చూడండి. కొలొస్సయులు 3 చివర్లో దాసులు యజమానులకి లోబడాలని ఉంటుంది, అధ్యాయం అయిపోతుంది, టిక్ పడుతుంది. యజమానులు దాసుల పట్ల న్యాయంగా ఉండాలన్నది 4:1. అది రేపటి వాటా! మేనేజర్లందరూ ఈ రోజు హాయిగా నిద్రపోవచ్చు.

మార్తమ్మ
మా మేనేజర్ 3వ అధ్యాయంలోనే స్థిరపడ్డాడనుకుంటా.

బెరయవాసి
ఇంకో సంగతి. ఏడాది ప్లాన్లలో పేరున్నది రాబర్ట్ మర్రే మక్షేన్‌ది. స్కాట్లాండులో డండీ సంఘానికి కాపరి. 1842 చివర్లో తన సంఘం కోసం తయారుచేశాడు, ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు వచ్చేలా. మరుసటి మార్చిలోనే 29 ఏళ్లకి చనిపోయాడు. ఆ ప్లాన్‌కి ముందుమాటలో దాని ప్రమాదాలు ఆయనే రాశాడు. మొక్కుబడిగా మారిపోవడం, చదివాను కదా అని స్వనీతి, అజాగ్రత్తగా చదవడం, కొందరికి మోయలేని కాడి కావడం. ప్లాన్ ఇప్పటికీ అందరూ షేర్ చేస్తారు, ముందుమాట ఎవరూ షేర్ చేయరు. ఎండినబావి అన్న చెప్పిన జబ్బు ఆ లిస్టులో ముందే ఉంది. యాప్ వల్ల వచ్చింది కాదు.

సణుగుడు
ఇదే కదా నేను మొదటినుంచీ అంటున్నది. కాడి.

సంఘపెద్ద_రిటైర్డ్
ప్రమాదాలు రాసినా ప్లాన్ వెనక్కి తీసుకోలేదు కదా బాబూ.

సాయంప్రార్థన
నేను ఆరాధనక్రమం ఉన్న సంఘంలో పెరిగాను, మీలో చాలామందికి ఇది కొత్తగా ఉండొచ్చు. సొంత బైబిల్ పెట్టుకుని ఒంటరిగా చదువుకోవడం అనేది అచ్చు యంత్రం తర్వాత వచ్చిన భాగ్యం. గూటెన్‌బర్గ్ బైబిలే 1455 ప్రాంతంలో. అంతకుముందు మామూలు విశ్వాసి సంఘంలో విన్నదే మోసుకెళ్లేవాడు. ప్రకటన 1:3లో కూడా చదివేవాడు ఒక్కడు, వినేవాళ్లు చాలామంది. మరి వాళ్ల రోజువారీ అలవాటు ఏంటి? దిదాకే అని తొలి సంఘపు చిన్న పుస్తకం ఉంది, మొదటి శతాబ్దం చివరిదో రెండో శతాబ్దం మొదటిదో. అందులో ఉన్నది చాలా సింపుల్. ప్రభువు ప్రార్థన (పరలోక ప్రార్థన) రోజుకి మూడుసార్లు, బుధవారం, శుక్రవారం ఉపవాసం.

నాకు సొంత మాటలు దొరకని రోజులుంటాయి. అప్పుడు పరలోక ప్రార్థనే చెబుతాను, "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" దగ్గర ఆగి ఆ రోజు నాకు కోపం తెప్పించినవాళ్ల పేర్లు పెడతాను.

ఉదయకాలపక్షి
బట్టీపట్టిన ప్రార్థన ప్రార్థనెలా అవుతుంది? వ్యర్థమైన మాటలు వచింపవద్దని మత్తయి 6:7లో ప్రభువే చెప్పాడు.

సాయంప్రార్థన
ఇంకో రెండు వచనాలు ముందుకెళ్లండి, 6:9లో ఆయనే ఒక ప్రార్థన నేర్పాడు.

ఉదయకాలపక్షి
అది మాదిరి. జపించమని కాదు.

సాయంప్రార్థన
లూకా 11:2లో "మీరు ప్రార్థన చేయునప్పుడు ... పలుకుడి" అన్నాడు మరి.

మోడరేటర్
శాఖల గొడవకి వేరే చోటుంది, అక్కడ ఇప్పటికే కావలసినంత వేడి ఉంది. ఇక్కడ అడిగినతని ప్రశ్న మీద ఉండండి.

మార్తమ్మ
మోడరేటర్ గారి మాట విని మళ్లీ దారిలోకి. నాకు లేవగానే ప్రార్థనలో కూర్చుంటే మనసు వంద చోట్లకి పోతుంది. జార్జ్ ముల్లర్‌కీ ఇదే బాధట! బ్రిస్టల్ అనాథాశ్రమాల ముల్లరే. చాలా ఏళ్లు లేవగానే ప్రార్థన మొదలెట్టేవాడట, మనసు నిలబడటానికే ఒక్కోసారి పావుగంట, అరగంట పోయేదట. 1841లో రాసుకున్నాడు, ఇప్పుడు ముందు వాక్యం తీసి కొంచెం కొంచెంగా ధ్యానిస్తున్నానని, అందులోంచి ఒప్పుకోలో స్తుతో విజ్ఞాపనో దానంతటదే వస్తోందని. అంత పేరున్న ప్రార్థనావీరుడికే మనసు తిరిగితే నాదెంత అని ధైర్యం వచ్చింది. అలాగే చేస్తున్నాను, బాగానే ఉంది. గొప్పగా కాదు, బాగానే.

చీకటిలో_88
చదువుతూ ఉన్నాను, రాయాలా వద్దా అనుకున్నాను. ఇక్కడ అందరూ ఏదో ఒకటి చేయగలిగే స్థితిలో ఉన్నారు. డిప్రెషన్‌లో ఉన్నప్పుడు బైబిల్ తెరవడం కూడా కొండ ఎక్కడమే. "ప్రార్థన తక్కువైంది, అందుకే ఇలా" అని నాతో అన్నవాళ్లున్నారు. ఆ మాట తర్వాత తెరవడం ఇంకా కష్టమైంది.

సంఘపెద్ద_రిటైర్డ్
అమ్మా, అయ్యా, ఎవరైనా సరే, రాసినందుకు మంచి పని చేశారు. 1 రాజులు 19 చూడండి. ఏలీయా ప్రవక్త ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దూత వచ్చి వాక్యం చదవమనలేదు, ప్రార్థన పెంచమనలేదు. తినమన్నాడు, నీళ్లిచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు, ప్రయాణం నీ శక్తికి మించినదని కూడా ఒప్పుకున్నాడు. దేవుని స్వరం ఆ తర్వాతి కథ. మీకు ఇలా చెప్పకుండా ఇంకోలా చెప్పినవాళ్ల తరఫున నాకు సిగ్గుగా ఉంది.

నైట్‌డ్యూటీ_నర్స్
డాక్టర్‌ని కలిశారా? మందులు మొదలుపెడితే మీ అంతట మీరు ఆపకండి. ప్రార్థన చేసేవాళ్లు కూడా మందులు వేసుకుంటారు. రోజూ చూస్తున్నాను.

చీకటిలో_88
కలిశాను అక్కా, వాడుతున్నాను. ఇప్పుడు కొంచెం నయం. నా పేరు అందుకే పెట్టుకున్నాను, 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, చివర్లో స్తుతి లేదు. అయినా దాన్ని బైబిల్లో ఉంచారు. నేను చదవలేని రోజుల్లో నా స్నేహితురాలు ఫోన్ చేసి ఒక కీర్తన చదివి పెట్టేసేది. "ఎలా ఉన్నావ్" అని కూడా అడిగేది కాదు. జవాబు చెప్పాల్సిన పని లేకపోవడం ఎంత హాయో అనుభవిస్తేనే తెలుస్తుంది.

పాత_తాళం
ఎండినబావి బ్రదర్, మీ కేసుకి దగ్గరగా ఉన్నది చెబుతాను. నేనూ ప్లాన్ ప్రకారమే చదివేవాణ్ణి. మత్తయి 5 వచ్చింది. బలిపీఠం దగ్గర అర్పణ తెచ్చినప్పుడు నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే పెట్టి ముందు వెళ్లి సమాధానపడు అని. నాకు సొంత తమ్ముడితోనే చాలాకాలంగా మాటల్లేవు. మర్నాడు ప్లాన్ 6వ అధ్యాయానికి వెళ్లమంది. వెళ్లలేదు. మొండిగా 5:23, 24 దగ్గరే కూర్చున్నాను. రోజూ అదే చదవడం, మూసేయడం. ఒక పూట మెసేజ్ టైప్ చేశాను, "ఎలా ఉన్నావ్ రా". చెరిపేశాను. మళ్లీ టైప్ చేశాను. చివరికి విసుగొచ్చి ఫోనే చేశాను. వాడు ఎత్తి అన్న మొదటి మాట, "ఏంటి, ఎవరికైనా ఏమైనా అయిందా?"

అంత దూరం వెళ్లిపోయాం, నేను ఫోన్ చేస్తే ఎవరో పోయారేమో అనుకునేంత. ఏం కాలేదురా, ఊరికే చేశాను అన్నాను. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాడు వాళ్ల పిల్లాడి పరీక్షల గురించి చెప్పాడు. అంతే, పెద్ద కన్నీళ్ల సీన్ ఏమీ లేదు. ఇప్పటికీ అన్నీ సర్దుకోలేదు, పాత లెక్కలు అలాగే ఉన్నాయి. ఫోన్ మాత్రం నడుస్తోంది. ఆ ఏడు నా ప్లాన్ పూర్తవ్వలేదు.

సణుగుడు
ఇది బాగుంది. నిజంగా. దీనికి నేను సణగను.

లేవీ27
స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, సణుగుడు ఒప్పుకున్నాడు.

సణుగుడు
పూర్తిగా కాదు. రోజూ చేయాలనే లెక్క వల్ల ఇది జరగలేదు, లెక్క ఆపేయడం వల్ల జరిగింది. అది నా పాయింటే.

పాత_తాళం
సగమే. రోజూ తెరిచే అలవాటు లేకపోతే ఆ వచనం నాకు ఎదురయ్యేదే కాదు. మర్నాడు మళ్లీ తెరవకపోతే మరిచిపోయేవాణ్ణి కూడా. అలవాటు ఆపలేదు, స్పీడు ఆపాను.

కిటికీ_ఐతుకు
ఉపవాసం గురించి ఎవరూ మాట్లాడటం లేదు, నాకు సందేహం. మా యూత్‌లో ఒకడు ఫోన్ ఉపవాసం అన్నాడు. ఆ సంగతి ఫోన్‌లోనే స్టేటస్ పెట్టాడు. చెల్లుతుందా?

సంఘపెద్ద_రిటైర్డ్
ఉపవాసం పైకి చూపించుకోవద్దన్న మత్తయి 6:16 వాడికి ఫార్వర్డ్ చెయ్. ఫోన్ ఉపవాసం అయ్యాక చూసుకుంటాడు.

నైట్‌డ్యూటీ_నర్స్
షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఉపవాసం ఉండకండి. షుగర్ పడిపోయి మా వార్డుకి వచ్చేవాళ్లు ఉన్నారు. అలాగే యెషయా 58 చదవండి, అక్కడ జనం ఉపవాసముంటూనే పనివాళ్లను పీడిస్తున్నారు, దేవుడు ఆ ఉపవాసం నాకెందుకన్నాడు.

సాయంప్రార్థన
ఎండినబావి గారు కోపం సంగతి చెప్పారు కదా, దానికి పొద్దున కంటే రాత్రి పనికొస్తుందేమో చూడండి. కాథలిక్కుల్లో జెస్యూట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన పద్ధతి ఒకటి ఉంది, 1548లో అచ్చయిన ఆయన సాధనల పుస్తకంలో. పడుకునేముందు కృతజ్ఞత చెప్పి, వెలుగు అడిగి, ఆ రోజును గంట గంటగా వెనక్కి తిప్పి చూడటం, తప్పిందాని గురించి క్షమాపణ, రేపటికి సహాయం. కొద్ది నిమిషాల పని. నేను చేస్తుంటే ఒక విషయం బయటపడింది. నాకు కోపం వచ్చేది మీటింగులో అనుకునేదాన్ని. వెనక్కి తిప్పి చూస్తే అంతకు గంట ముందే, ఎవరో మెచ్చుకోనప్పుడే మొదలైపోతోంది. పొద్దున చదువుతున్నప్పుడు ఇది ఎప్పుడూ కనపడలేదు.

ఉదయకాలపక్షి
పద్ధతి పేరు వదిలేస్తే, కీర్తన 4:4లోనూ పడకల మీద హృదయంలో ధ్యానం చేసుకోమనే ఉంది. దీంతో నాకు ఇబ్బంది లేదు.

మోడరేటర్
ఈ తేదీ రాసిపెట్టుకుంటున్నాను.

ఎండినబావి
అన్నీ చదివాను. కొన్ని రెండుసార్లు చదివాను. సంఘపెద్ద గారు చెప్పింది గుచ్చుకుంది, పాత_తాళం బ్రదర్ ఫోన్ సంగతి ఇంకా లోపలే తిరుగుతోంది. నర్స్ అక్క చెప్పింది మాత్రం ఇవాళే మొదలుపెట్టాను. ఆఫీసులో లాగిన్ అయ్యేముందు పక్క సీటతని పేరు చెప్పాను. ఆశీర్వదించు అనడానికి నోరు రాలేదు. పేరు మాత్రం చెప్పాను. మధ్యాహ్నం వాడు మళ్లీ అదే పని చేశాడు, నాకు మళ్లీ కోపం వచ్చింది. కానీ ఈసారి వాడితోనే వెళ్లి మాట్లాడాను, "ఆ రిపోర్టు నేను చేసింది, మెయిల్‌లో నా పేరు కూడా పెట్టు" అని. గొంతు వణికింది. వాడు సరే అన్నాడు, పెడతాడో లేదో తెలియదు. ఇన్నాళ్లూ సాత్వికం అనుకుని మింగుతూ వచ్చింది భయమేమోనని ఇప్పుడు అనిపిస్తోంది.

యాప్‌లో ఆ లెక్క కనపడకుండా సెట్టింగ్స్‌లో ఆపేశాను. ప్లాన్ పక్కన పెట్టి మార్కు సువార్త మొదలుపెడతాను, ఎక్కడ ఆగాల్సి వస్తే అక్కడ ఆగుతాను. ఒక్కణ్ణే అయితే మళ్లీ టిక్కుల్లోకి జారిపోతాను, నా సంగతి నాకు తెలుసు. వారానికోసారి మాట్లాడుకోవడానికి ఎవరైనా వస్తారా? చదివింది చెప్పుకోవడానికి కాదు, చేసింది చెప్పుకోవడానికి.

పాత_తాళం
నేను వస్తాను. శనివారం సాయంత్రాలు ఖాళీ.

కిటికీ_ఐతుకు
సాయంత్రం అంటే నేనూ రెడీ. పొద్దున అన్నారంటే నన్ను మరిచిపోండి.

సంఘపెద్ద_రిటైర్డ్
ముగ్గురు చాలు, ఇంకా పెంచకండి. ఎక్కువమంది అయితే ఒకడు ప్రసంగం మొదలెడతాడు, మిగతావాళ్లు వింటూ కూర్చుంటారు. మొదటి శనివారమే మార్కు మొత్తం ఒకరి తర్వాత ఒకరు బిగ్గరగా చదవండి, గంటన్నర, మహా అయితే రెండు గంటలు. తర్వాత ముక్కలుగా తీసుకోండి.

లేవీ27
మార్కు 16లో 8వ వచనం దగ్గర ఆపాలా, 20 దాకా వెళ్లాలా? పాత ప్రతుల్లో 9 నుంచి లేదంటారు కదా.

మోడరేటర్
దానికి వేరే థ్రెడ్ తెరవండి. దయచేసి.